మీకు తెలుసా? మాస్టారు సానబెట్టిన గొంతు

పాత ఇంగ్లిష్ సినిమాలు చూసినవాళ్లకు రిచర్డ్ బర్టన్ పేరు చెప్పగానే ముఖం కన్నా ముందు గొంతు గుర్తొస్తుంది. ఆ వేల్స్ నటుడి సంగతులు కొన్ని...

● బర్టన్ అతను పుట్టిన ఇంటిపేరు కాదు. 1925 నవంబర్ 10న సౌత్ వేల్స్‌లోని పాంట్రిడవెన్ గ్రామంలో ఓ బొగ్గుగని కార్మికుడికి పుట్టినప్పుడు పెట్టిన పేరు రిచర్డ్ వాల్టర్ జెంకిన్స్. పదమూడుమంది సంతానంలో పన్నెండోవాడు. రెండేళ్లు నిండకముందే తల్లి పోతే, పెళ్లయిన అక్క సిసీలియా పోర్ట్ టాల్బట్‌లోని తన ఇంటికి తీసుకెళ్లి పెంచింది. ముందు వచ్చిన భాష వెల్ష్. ఇంగ్లిష్ ఆ తర్వాతే.

● చదువు మానేసి కొన్నాళ్లు సహకార దుకాణంలో పనిచేశాడు. మళ్లీ బడిలో చేరాక ఫిలిప్ బర్టన్ అనే మాస్టారు చేరదీశారు. దత్తత తీసుకుందామంటే చట్టం అడ్డొచ్చింది. ఇద్దరి వయసుల మధ్య కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి, దానికి 20 రోజులు తక్కువయ్యాయి! చివరికి 1943లో సంరక్షకుడిగా బాధ్యత తీసుకుని, తన ఇంటిపేరు ఇచ్చారు.

● ఆ మాస్టారి శిక్షణ వింతగా ఉండేది. శిష్యుణ్ణి కొండ మీద నిలబెట్టి షేక్‌స్పియర్ చెప్పించేవారు, తాను దూరం జరుగుతూ పోయేవారు. అరవకూడదు, అయినా ప్రతి మాటా స్పష్టంగా వినపడాలి. నాటకశాలలో ఆఖరి వరుస దాకా చేరిన గొంతు అలా తయారైంది.

● 1953లో లండన్ ఓల్డ్ విక్ నాటకశాలలో బర్టన్ హామ్లెట్ వేస్తుంటే, ముందు వరుసలోంచి ఎవరో తనతో పాటే సంభాషణలన్నీ వల్లిస్తున్నారట. చూస్తే బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్! వేగం పెంచినా తగ్గించినా పెద్దాయన వదల్లేదని బర్టన్ నవ్వుతూ చెప్పుకునేవాడు.

● ప్రపంచంలో తొలి సినిమాస్కోప్ చిత్రంగా విడుదలైన 'ది రోబ్' (1953) హీరో బర్టనే. తెలుగులో తొలి సినిమాస్కోప్ 'అల్లూరి సీతారామరాజు' రావడానికి అప్పటికింకా 21 ఏళ్లుంది.

● భారతీయుడి వేషం కూడా కట్టాడు. 'ది రెయిన్స్ ఆఫ్ రాంచీపూర్' (1955)లో ఓ కల్పిత సంస్థానంలోని డాక్టర్ సఫ్తీ పాత్ర అతనిదే. హీరోయిన్ లానా టర్నర్.

● 1964లో బ్రాడ్వేలో అతని 'హామ్లెట్' 137 సార్లు ఆడింది. నటులందరూ రిహార్సల్‌కు వచ్చినట్టు మామూలు బట్టల్లోనే ఆడారు. ఆ నాటకాన్ని వేదిక మీదే చిత్రీకరించి థియేటర్లలో రెండ్రోజులు చూపించారు. ఒప్పందం ప్రకారం ప్రింట్లన్నీ నాశనం చేయాలి. కానీ బర్టన్ చనిపోయాక అతని ఇంట్లో ఒక ప్రింటు బయటపడింది.

● 'క్లియోపాత్రా' సినిమా సెట్లో మొదలైన ప్రేమతో నటి ఎలిజబెత్ టేలర్‌ను రెండుసార్లు పెళ్లాడాడు: 1964లో కెనడాలో, విడాకుల తర్వాత 1975లో బోట్స్‌వానాలో. మధ్యలో ఆమెకు కొనిచ్చిన వజ్రం 69.42 కేరట్లు. రెండో పెళ్లి మాత్రం ఏడాదికే ముగిసింది.

● 1954 జనవరిలో బీబీసీ రేడియో ప్రసారం చేసిన 'అండర్ మిల్క్ వుడ్' నాటకంలో ప్రధాన కథకుడి గొంతు బర్టన్‌దే. దాన్ని రాసిన మిత్రుడు, కవి డిలన్ థామస్ అంతకు రెండు నెలల ముందే కన్నుమూశాడు. 1984 ఆగస్టు 5న, 58 ఏళ్లకు బర్టన్ స్విట్జర్లాండ్‌లో చనిపోతే, ఆ కవి పుస్తకాన్ని అతనితో పాటే ఖననం చేశారు.

● ఆస్కార్‌కు 7 సార్లు నామినేట్ అయినా ఒక్కసారీ గెలవలేదు. ఏడో నామినేషన్ 'ఈక్వస్' (1977)లోని మానసిక వైద్యుడి పాత్రకు. బ్రాడ్వే నాటకంలో అదే పాత్రను బర్టన్ కన్నా ముందు వేసింది ఆంథొనీ హాప్కిన్స్. అతనిదీ పోర్ట్ టాల్బట్టే. కుర్రాడిగా ఉన్నప్పుడు బర్టన్ దగ్గరికెళ్లి ఆటోగ్రాఫ్ తీసుకున్నాడు. ఆ హాప్కిన్స్‌కు మాత్రం రెండు ఆస్కార్లు వచ్చాయి.