మోకాలు అరిగిందని సైకిల్‌ ఆపేశారా?

ఓ రోజు మెట్లు దిగుతుంటే మోకాలు కలుక్కుమంది. రెండు వారాలైనా తగ్గలేదు. ఎక్స్‌రే తీస్తే ‘గుజ్జు అరిగింది’ అన్నారు. అంతే.. రోజూ పొద్దున్నే తొక్కే సైకిల్‌ మెట్ల కిందికి చేరిపోయింది. ‘ఉన్న గుజ్జునైనా కాపాడుకోండి’ అని ఇంట్లోవాళ్లూ గట్టిగా చెప్పేశారు. ఆర్నెల్లు గడిచాయి. నొప్పి తగ్గకపోగా కుర్చీలోంచి లేవటమే కష్టమైంది. పైగా నాలుగు కిలోల బరువు పెరిగింది.

మీ పరిస్థితో, మీ నాన్నగారి పరిస్థితో ఇలాగే ఉందా? అయితే ఒక్క విషయం తెలుసుకోండి. అరిగిన మోకాలికి బాగా చేటు చేసేది కదలకుండా కూర్చోవటమే. మార్చుకోవాల్సింది సైకిల్‌ తొక్కే తీరునే గానీ, మొత్తానికే మానెయ్యాల్సిన పని చాలామందికి ఉండదు.

మోకాలు బండి టైరు కాదు

టైరు ఎంత తిరిగితే అంత అరుగుతుంది. వాడకుండా ఉంచితే మిగులుతుంది. మోకాలినీ మనం ఇలాగే అనుకుంటాం. కానీ ఇది ప్రాణమున్న కీలు. మనం గుజ్జు అంటున్నది ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నటి మృదులాస్థినే. దీనికి రక్తనాళాలు ఉండవు. కీలులోని జిగురు ద్రవం నుంచే పోషకాలు అందాలి. కాలు కదులుతున్నప్పుడు మృదులాస్థి స్పాంజిలా నొక్కుకుపోయి, మళ్లీ విచ్చుకుంటుంది. పోషకాలు లోపలికి చేరేది అప్పుడే. కదలికే దానికి ఆహారమన్నమాట.

మృదులాస్థికి నాడులు కూడా ఉండవు. నొప్పి పుట్టేది దాని అడుగునున్న ఎముక, కీలు లోపలి పొర, చుట్టుపక్కల కణజాలాల నుంచే. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా కొందరు హాయిగా తిరుగుతుంటారు. కాస్త అరుగుదలకే కొందరు విలవిల్లాడతారు. ఎక్స్‌రే చూసి మీరేం చెయ్యగలరో, ఏం చెయ్యలేరో తేల్చెయ్యటం కుదరదు.

సైకిల్‌ మానేస్తే ఏమవుతుంది? తొడ కండరాలు సన్నబడతాయి. అవి మోయాల్సిన భారం కీలు మీద పడుతుంది. నొప్పి పెరుగుతుంది. దాంతో కదలటం ఇంకా తగ్గుతుంది. ఇదో విషవలయం.

నడక కన్నా తక్కువ భారం

జర్మనీలోని బెర్లిన్‌ పరిశోధకులు కృత్రిమ మోకీలులోనే సెన్సర్లు అమర్చి, ఏ పనికి ఎంత భారం పడుతుందో నేరుగా కొలిచారు. నడిచేటప్పుడు శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్లు, మెట్లు దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు మోకాలి మీద పడుతోంది. తేలికగా సైకిల్‌ తొక్కేటప్పుడు మాత్రం శరీర బరువుకు కాస్త ఎక్కువ, అంతే! బరువును సీటు మోస్తుంది కదా. అంటే 70 కిలోల మనిషికి నడకలో 175 కిలోల వరకూ పడే భారం సైకిల్‌ మీద 80 కిలోలు దాటి కొద్దిగానే ఉంటుంది.

అమెరికాలో 2,600 మందికి పైగా పరిశీలించి 2024లో వెలువరించిన అధ్యయనంలోనూ, జీవితంలో ఏ దశలోనైనా సైకిల్‌ తొక్కిన అలవాటున్నవారిలో తరచూ మోకాలి నొప్పి వచ్చే అవకాశం 17% తక్కువగా కనిపించింది. ఇది సైకిల్‌ వల్లేనని కచ్చితంగా రుజువు చెయ్యకపోయినా, సైకిల్‌ తొక్కితే మోకాళ్లు పాడవుతాయన్న భయానికి ఆధారం లేదని చెబుతోంది.

ముందు సీటు సరిచెయ్యండి

సైకిల్‌ మీద మోకాలు నొప్పి పెడుతోందంటే చాలాసార్లు తప్పు సీటుదే. ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలని మనం సీటును బాగా కిందికి దింపేస్తుంటాం. దీంతో పెడల్‌ పైకొచ్చినప్పుడల్లా మోకాలు ఎక్కువగా మడుచుకుంటుంది. మోకాలిచిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది.

• గోడ పట్టుకొని సీటు మీద కూర్చోండి. పెడల్‌ అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనించండి. కాలు తిన్నగా చాచుకోవాలి. అదే సరైన ఎత్తు. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్‌ మీద ఉంటుంది కాబట్టి మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది.
• మోకాలి ముందువైపు నొప్పి పుడుతుంటే సీటు మరీ కిందికో, మరీ ముందుకో ఉందేమో చూడండి. వెనకవైపు నొప్పి పుడుతున్నా, నడుము అటూఇటూ ఊగుతున్నా సీటు మరీ ఎత్తుగా ఉన్నట్టే.
• చాలాకాలంగా కింద సీటుకు అలవాటు పడ్డవారు ఒక్కసారిగా పెంచకండి. ఓ అర సెంటీమీటరు పెంచి, నాలుగు రోజులు తొక్కి చూడండి.
• పడిపోతామని భయంగా ఉంటే, ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు జారి కాలు దించటం సాధన చెయ్యండి. అడ్డు రాడ్డు లేని సైకిలైతే ఎక్కటం, దిగటం తేలిక. రోడ్డు మీద భయమైతే ఇంట్లోని ఎక్సర్‌సైజ్‌ సైకిలూ చాలు.

తేలిక గేరు, చదును దారి

భారీ గేరులో బలంగా తొక్కితే ఎక్కువ వ్యాయామమవుతుందని అనుకోవద్దు. మోకాలికి అదే శత్రువు. గేరు తగ్గించి, పెడల్‌ కాస్త వేగంగా తిరిగేలా చూసుకోండి. నిమిషానికి 70 నుంచి 80 చుట్లు తిరిగితే బాగుంటుంది. గేర్లు లేని సైకిలైతే ఎత్తు రాగానే దిగి నడిపించుకుంటూ వెళ్లండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. హైదరాబాద్‌లో బంజారాహిల్స్‌ ఎత్తుల కన్నా ఔటర్‌ రింగు రోడ్డు పక్కనున్న సైకిల్‌ ట్రాక్‌ మేలు. విశాఖలో కైలాసగిరి ఘాట్‌ కన్నా బీచ్‌ రోడ్డు నయం.

నొప్పి చెప్పే సిగ్నల్‌

కొద్దిపాటి నొప్పి వస్తే కీలు దెబ్బతింటున్నట్టు కాదు. నొప్పికి మీరే 0 నుంచి 10 వరకూ మార్కులు వేసుకోండి.

• 0 నుంచి 2 - పచ్చ దీపం. నిశ్చింతగా తొక్కొచ్చు.
• 3 నుంచి 5 - పసుపు. తొక్కొచ్చు గానీ ఆ రోజుకు దూరం పెంచొద్దు.
• 5 దాటితే - ఎరుపు. ఆపెయ్యండి.

వచ్చిన నొప్పి 24 గంటల్లో మామూలు స్థాయికి తగ్గిపోవాలి. తగ్గకపోయినా, మర్నాడు మోకాలు వాచినా ముందురోజు శ్రమ ఎక్కువైనట్టే. అలాంటప్పుడు సైకిల్‌ను వదిలెయ్యకుండా, తర్వాతిసారి సమయాన్ని సగానికి తగ్గించండి.

మళ్లీ మొదలుపెట్టేవారికి తొలివారం రోజు విడిచి రోజు 10 నిమిషాలు చాలు. ఇబ్బంది లేకపోతే వారానికి 5 నిమిషాలు చొప్పున పెంచుకుంటూ 30 నిమిషాలకు చేరుకోవచ్చు. మొదటి 5 నిమిషాలూ ఎప్పుడైనా నెమ్మదిగానే తొక్కాలి. గుండెజబ్బు ఉన్నవారు, బీపీ అదుపులో లేనివారు ముందు డాక్టర్‌ను అడగండి.

సైకిల్‌ ఒక్కటే చాలదు

వారానికి రెండు, మూడు రోజులు కండరాలకు బలం చేకూర్చే వ్యాయామాలూ కావాలి. వెల్లకిలా పడుకొని ఒక కాలు మడిచి, రెండోది తిన్నగా అడుగు ఎత్తు లేపి 5 సెకండ్లు ఆపండి. ఇలా ఒక్కో కాలికి పదిసార్లు. తర్వాత కాస్త ఎత్తయిన కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. సైకిల్‌ మీద ఎముకలకు పెద్దగా భారం పడదు కాబట్టి, నెలసరి నిలిచిన మహిళలు వీలైనంత నడకనూ జోడించుకోవాలి.

బరువు ఎక్కువగా ఉంటే తగ్గటమూ ముఖ్యమే. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుంది. నొప్పి బాగా ఉన్నన్నాళ్లూ నేల మీద బాసింపట్టు వేసుకోవటం, గొంతుక్కూర్చోవటం తగ్గించుకోండి.

గుజ్జు పెంచే మాత్రలున్నాయా?

అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపించే మాత్ర గానీ, పొడి గానీ, ఆహారం గానీ ఇప్పటికి లేదు. చాలామంది కొనుక్కునే గ్లూకోసమైన్‌ను వాడొద్దనే అమెరికా కీళ్లవైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో సూచించింది. నొప్పి ఉన్నప్పుడు మోకాలికి రాసుకునే డైక్లోఫెనాక్‌ జెల్‌ మేలు. నొప్పి మాత్రలను సొంతంగా నెలల తరబడి వేసుకుంటే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ పెరగొచ్చు.

ఇలాగైతే ఆగొద్దు

మోకాలు ఎర్రబడి వేడిగా వాచినా, జ్వరం వచ్చినా, కాలు మధ్యలో బిగుసుకుపోయి మడవలేకపోతున్నా, నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్టున్నా, కాలు మోపలేకపోతున్నా, పిక్క వాచి నొప్పి పెడుతున్నా సైకిల్‌ పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. అన్ని ప్రయత్నాలూ చేసినా రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నవారికి కీలుమార్పిడి అవసరం కావొచ్చు. ఆ ఆపరేషన్‌ తర్వాతా ఫిజియోథెరపిస్టు సలహాతో చాలామంది మళ్లీ సైకిల్‌ తొక్కుతుంటారు.

ఈ ఆదివారం మెట్ల కిందున్న సైకిల్‌ బయటికి తియ్యండి. గాలి కొట్టించండి. సీటు ఎత్తు సరిచేసుకోండి. వీధి చివరి వరకూ వెళ్లి రండి. మొదటిరోజుకు అది చాలు.