కెమెరా కటకానికి టేపు ఎందుకు?

కడప జిల్లాలో జమ్మలమడుగుకు సమీపాన, ఎర్రమల కొండలను పెన్నానది కోసుకొని పోయిన చోట గండికోట ఉన్నది. ఊళ్ళ దీపాలకు దూరంగా ఉండే ఇటువంటి మెట్టసీమలో, మబ్బులేని శీతకాలపు రాత్రి, నక్షత్రాలను ఫోటో తీసేవారికి పండుగ. డిసెంబరు 13, 14 తేదీలలో మిథునరాశి దిక్కునుండి ఉల్కలు రాలే వేళ మరీ అనుకూలం. అట్టి ఛాయాగ్రాహకుని కెమెరాను దగ్గరగా చూచినవారికి ఒక వింత కనిపిస్తుంది. ఎంతో ఖరీదు పెట్టి కొన్న కటకం, అనగా లెన్సు, మీద నల్లటి టేపు ముక్క ఒకటి అంటించి ఉంటుంది, పంక్చరైన సైకిలు ట్యూబుకు అతుకు వేసినట్లు! కటకం పగిలిందా? లేదు. అది తిరిగే గొట్టాన్ని కదలకుండా పట్టి ఉంచడానికి వేసిన కట్టు.

ఇందులోని కారణం పదవ తరగతి భౌతికశాస్త్రంలోనే ఉన్నది. చదువుకునే భూతద్దం ఒకటి తీసుకొని, కిటికీ ఎదుట తెల్లకాగితం మీద బయటి దృశ్యం పడేటట్లు పట్టుకోవాలి. భూతద్దం నాభ్యంతరం 20 సెంటీమీటర్లు అనుకుందాం. 20 మీటర్ల దూరంలోని వేపచెట్టు ప్రతిబింబం 20.2 సెం.మీ. వద్ద స్పష్టంగా పడుతుంది. మీటరు దూరంలో కొవ్వొత్తి వెలిగించి పెడితే, దాని ప్రతిబింబం కోసం కాగితాన్ని 25 సెం.మీ. వరకు వెనుకకు జరపాలి. వస్తువు దగ్గరయ్యేకొద్దీ ప్రతిబింబం కటకానికి దూరమవుతుంది. కెమెరాలో తెర స్థానం మారదు కాబట్టి కటకాన్నే ముందుకు, వెనుకకు జరుపుతారు. కటకం చుట్టూ ఉండే వలయాన్ని త్రిప్పితే జరిగే పని ఇదే.

50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కెమెరా కటకం విషయం చూస్తే, మీటరు దూరపు మనిషికి ప్రతిబింబ దూరం 52.63 మి.మీ., 10 మీటర్ల దూరానికి 50.25, 100 మీటర్లకు 50.025. నక్షత్రానికి సరిగ్గా 50. అంటే పది మీటర్ల దూరపు గోడకూ, కోట్ల కోట్ల కిలోమీటర్ల దూరపు నక్షత్రానికీ కటకం స్థానంలో తేడా పావు మిల్లీమీటరు మాత్రమే. ఈ పావు మిల్లీమీటరులోనే ఛాయాగ్రాహకుని రాత్రి అంతా ఉన్నది.

కటకం రంధ్రం వ్యాసం 25 మి.మీ. ఉన్నప్పుడు, ఆ పావు మిల్లీమీటరు తప్పితే నక్షత్రం చుక్కగా పడక, 0.125 మి.మీ. వెడల్పుగల బిళ్ళగా పడుతుంది. నేటి డిజిటల్ కెమెరాలలో కాంతిని గ్రహించే గడి ఒక్కొక్కటి సుమారు 0.006 మి.మీ. ఉంటుంది. కాబట్టి ఒక్క గడిలో పడవలసిన వెలుగు మూడు వందలకు పైగా గడులలో చెదరిపోతుంది. ప్రకాశవంతమైన నక్షత్రం బూజు పట్టినట్లు కనిపిస్తుంది. మసకవి అసలు కనిపించవు.

కెమెరా తనంతట తానే దృష్టి కుదుర్చుకోలేదా అంటే, పగలు కుదుర్చుకుంటుంది. చీకటిలో దానికి పట్టు దొరకదు. కటకాన్ని అటూ ఇటూ త్రిప్పుకుంటూ తారాడుతుంది. అందుచేత ఆ సౌకర్యాన్ని ఆపివేసి, ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని కెమెరా వెనుక తెరమీద పెద్దది చేసి చూస్తూ, అది అతి సన్నని చుక్క అయ్యేవరకు వలయాన్ని చేతితో సవరిస్తారు. వలయాన్ని చివరికంటా త్రిప్పితే సరిపోదా? పాత కటకాలు పెక్కింటిలో సరిపోయేది. ఇప్పటి వాటిలో వలయం అనంతం గుర్తును దాటి మరికొంత తిరుగుతుంది. ఎండలో గొట్టం వ్యాకోచించినప్పుడు కటకాన్ని తెరవైపు మరికాస్త జరపవలసి వస్తుంది గనుక, తయారీదారులు అంత చోటు విడిచిపెడతారు.

ఈ వేడి సంగతి రాయలసీమవారికి ప్రత్యేకంగా చెప్పదగినది. కర్నూలులో మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలకు చేరడం మామూలే. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో 50 దాటుతుంది. అల్యూమినియం డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతులలో 23 వంతులు వ్యాకోచిస్తుంది. 50 మి.మీ. గొట్టం 20 డిగ్రీలు చల్లబడితే 0.023 మి.మీ. కురచ అవుతుంది. ఇది 100 మీటర్ల దూరానికీ, అనంతానికీ మధ్య ఉన్న తేడాకు ఇంచుమించు సమానం! గాజు గుణం కూడా వేడికి కొంత మారుతుంది. కాబట్టి కారు దిగగానే దృష్టి కుదిర్చి టేపు వేయడం తొందరపాటు. కెమెరాను ఆరుబయట ఉంచి, అది చల్లబడిన తరువాత సవరించి, అప్పుడు టేపు వేయాలి. అర్ధరాత్రి మరొకసారి సరిచూడటం మంచిది. టేపు చేతి తాకిడిని ఆపుతుంది గాని, లోహపు సంకోచాన్ని ఆపలేదు.

చేతి తాకిడి చిన్న విషయం కాదు. గండికోట అక్షాంశం 15 డిగ్రీలకు కొంచెం తక్కువ కాబట్టి ధ్రువనక్షత్రం ఉత్తర దిగంతానికి దాదాపు అంతే ఎత్తున ఉంటుంది. దానిచుట్టూ నక్షత్రాలు గీసే వలయాలను ఫోటోలో పట్టడానికి గంటల తరబడి వరుసగా బొమ్మలు తీస్తారు. రెండు గంటలకు వచ్చే చాపం 30 డిగ్రీలు. నడుమ చీకటిలో తడుముతూ బ్యాటరీ మార్చేటప్పుడు వేలు వలయానికి తగిలితే, అక్కడినుండి చాపాలన్నీ అలికినట్లవుతాయి. సూర్యగ్రహణంలోనైతే ఈ నష్టం తీరనిది. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాల వద్ద కనిపించిన సంపూర్ణ గ్రహణంలో సూర్యుడు పూర్తిగా మరుగుపడి ఉన్నది మూడు నిమిషాల లోపే. అటువంటి వేళ వలయం జరిగిందని తెలుసుకునేసరికి గ్రహణం విడిచిపోతుంది.

దృశ్యాన్ని పెద్దది, చిన్నది చేసే జూమ్ కటకాలకు మరో అవస్థ ఉన్నది. ఆకాశంవైపు ఎత్తి నిలిపితే ముందుభాగం బరువుకు గొట్టం మెల్లగా లోపలికి జారుతుంది. దానికీ టేపే మందు. బేతంచెర్ల రాతిపొడి వంటి సన్నని దుమ్ము కీళ్ళలోకి చొరకుండా కొందరు అతుకులమీద కూడా టేపు చుడతారు. రోళ్ళపాడు అభయారణ్యంలో కృష్ణజింకలను ఫోటో తీయదలచినవారికి దీని ఉపయోగం వేరు. పెద్ద దూరకటకాలు కొన్నింటికి, వేడిని తక్కువగా గ్రహించేందుకు, తెల్లరంగు వేస్తారు. ఎండుగడ్డిలో ఆ తెలుపు జంతువుకు దూరంనుండే కనబడుతుంది గనుక మట్టిరంగు టేపు చుట్టి మరుగుపరుస్తారు.

ఏ టేపైనా పనికిరాదు. విద్యుత్తు తీగలకు చుట్టే నల్లటేపు ఎండకు జిగురు కక్కి వలయానికి అంటుకుపోతుంది. సినిమావారు దీపాల తీగలను నేలకు అంటించడానికి వాడే గుడ్డటేపు గట్టిగా పట్టుకొని, ఊడదీసినప్పుడు జిగురు మిగల్చదు. వేసేటప్పుడు సగభాగం తిరిగే వలయంమీద, సగభాగం కదలని గొట్టంమీద ఉండాలి. వలయం విద్యుత్తు సంకేతం ద్వారా పనిచేసే కొత్త కటకాలు కొన్ని, కెమెరాను ఆర్పి వెలిగించగానే కుదిరిన దృష్టిని మరచిపోతాయి. వాటిపై ఎంత టేపు వేసినా, బ్యాటరీ మార్చిన ప్రతిసారీ మళ్ళీ నక్షత్రాన్ని వెతుక్కోవలసిందే.