తాళము వేసిన బీరువా

గ్రంథాలయపు గొప్పదనమును చెప్పవలసివచ్చినపుడు మనము సాధారణముగా పుస్తకముల సంఖ్యను చెప్పుదుము. ఇన్ని వేల గ్రంథములు, ఇన్ని పాత పత్రికల సంపుటములు, ఇంత విశాలమైన భవనము అని లెక్క పెట్టుదుము. ఆ లెక్కలన్నియు నిజమే కావచ్చును. కాని ఊరి గ్రంథాలయమునకు మొదటిసారి పోయిన ఎనిమిదవ తరగతి పిల్లవానికి గ్రంథాలయమనగా ఈ సంఖ్యలు కావు. గుమ్మము దాటగానే కనబడు బల్ల, ఆ బల్లకు ఆవల కూర్చున్న మనిషి, ఆ మనిషి తల యెత్తి పలికిన మొదటి మాట, వానికి గ్రంథాలయమనగా ఇంతే. ఆ మాట బాగున్నచో వాడు మరల వచ్చును. బాగులేనిచో లోపల లక్ష పుస్తకములున్నను అవి వానికి లేనట్లే.

బట్టల దుకాణమునకు పోయినచో గుమాస్తా మనలను కూర్చుండబెట్టి ఇరువది చీరలు విప్పి చూపును. ఒక్కటియు నచ్చక లేచి వచ్చినను ముఖము చిట్లించక, మరల రండని సాగనంపును. అది వర్తకధర్మము. గ్రంథాలయములో అమ్మకము లేదు, లాభము లేదు. అందుచేతనే కాబోలు, అక్కడ పుస్తకమడుగువాడు ఏదో ఉపకారము కోరి వచ్చినవానివలె సంకోచముతో నిలుచుండును. నిజమునకు వాడు యాచకుడు కాడు. 1960వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ననుసరించి స్థానిక సంస్థలు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును కూడ వసూలు చేయుచున్నవి. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున వచ్చు ఈ ధనము జిల్లా గ్రంథాలయ సంస్థల పోషణకు ఉద్దేశింపబడినది. సొంత యిల్లు లేనివాడు అద్దె రూపమున దానిలో పాలు పంచుకొనుచునే యున్నాడు. కనుక బల్లకు ఈవల నిలిచిన పిల్లవాడు తన ఇంటివారు ముందే వెల చెల్లించిన వస్తువును అడుగుచున్నాడు.

మన గ్రంథాలయములు ఈ సంకోచముతో పుట్టినవి కావు. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినపుడుగాని, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము నెలకొన్నపుడుగాని, తెలుగు చదువరులను కూడగట్టుటయే వాని ముఖ్యోద్దేశము. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. దానికి ప్రాణము పోసిన అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయమును ఒక ఉద్యమముగా భావించిరి, కచేరీగా భావింపలేదు. 1918లో వేటపాలెములో ఆరంభమైన సారస్వత నికేతనము నేటికిని పరిశోధకులకు పుణ్యక్షేత్రము. 1935లో పాతూరి నాగభూషణము గారి పూనికతో గుంటూరు జిల్లా కాలువలపై పడవ గ్రంథాలయము నడచినది. పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పాఠకుని యొద్దకు పోవలెనని ఆనాటివారు తలచిరి. వారిలో పెక్కురకు జీతము లేదు, పదవి లేదు. పుస్తకము చేతులు మారినపుడు కలుగు సంతోషమే వారి వేతనము.

వారు ఆచరణలో చూపిన దానినే శాస్త్రముగా చెప్పినవాడు శియాళి రామామృత రంగనాథన్. మద్రాసులో గణితాధ్యాపకుడుగా నుండి 1924లో ఆ విశ్వవిద్యాలయపు గ్రంథపాలకుడైన ఈ పండితుడు 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను ప్రకటించెను. పుస్తకములున్నది వాడుకొనుటకే గాని దాచుటకు కాదనుట మొదటిది. ప్రతి పాఠకునకు అతని పుస్తకము దొరకవలెననుట రెండవది. ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు దొరకవలెననుట మూడవది. పాఠకుని కాలమును వృథా చేయరాదనుట నాలుగవది. గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణివంటిదనుట ఐదవది. ఈ ఐదింటిలో భవనపు అందమును గూర్చిన సూత్రము ఒక్కటియు లేదు. అన్నియు పాఠకునికిని పుస్తకమునకును గల దూరమును తగ్గించుటకే.

ఆ దూరము ఎంత స్వల్పకారణముచేత పెరుగునో, ఎంత స్వల్పయత్నముచేత తగ్గునో రెండు ఉదాహరణములు చెప్పెదను. ఒక చిన్న పట్టణపు శాఖా గ్రంథాలయములో ఒకనాటి సాయంకాలము నేను పత్రిక చదువుకొనుచుండగా, చెప్పులు గుమ్మమువెలుపల విడిచి ఒక పిల్లవాడు లోపలికి వచ్చెను.

“సార్, నక్షత్రాల గురించి పుస్తకం ఉందా?”

“పేరేమిటి?”

“పేరు తెలియదు సార్.”

“పేరు తెలియకపోతే ఎట్లా ఇచ్చేది? మీ మాష్టారిని అడిగి రాసుకొని రా.”

పిల్లవాడు అద్దాల బీరువావైపు ఒకసారి చూచి వెడలిపోయెను. అతడు కోరినవంటి పుస్తకము ఆ బీరువాలోనే మూడవ అరలో ఉండెను. నేను లేచి ఆ మాట చెప్పునప్పటికే సైకిలు వీధి మలుపు తిరిగినది. గ్రంథపాలకుడు చెడ్డవాడు కాడు. నెలసరి నివేదికలో అంకెలు కూడుచున్నాడు. మధ్యలో పలుకరించిన పిల్లవానికి నోటికి వచ్చిన సమాధానము చెప్పినాడు, అంతే.

వేరొక ఊరిలో, ఇంతకంటె చిన్న గ్రంథాలయములో, ఒక బాలిక పాఠశాల వార్షికోత్సవమునకు నాటిక కావలెనని అడిగెను. ఆమెకును పుస్తకము పేరు తెలియదు. అక్కడి గ్రంథపాలకురాలు, “ఎంతమంది వేస్తారమ్మా? అందరూ ఆడపిల్లలేనా? ఎంతసేపు ఉండాలన్నారు?” అని మూడు ప్రశ్నలు వేసి, లేచిపోయి రెండు పుస్తకములు తెచ్చి బల్లపై నుంచెను. దీనికి పట్టిన కాలము రెండు నిమిషములు. వారము దినములకు ఆ బాలిక పుస్తకము తిరిగి యిచ్చుటకు వచ్చినపుడు ఆమె వెంట మరి నలుగురు పిల్లలుండిరట.

ఈ రెంటిని పోల్చి చూచినచో తేలునది ఒక్కటే. పాఠకునకు, అందులోను బాలపాఠకునకు, తనకు కావలసినది తెలియును గాని దాని పేరు తెలియదు. ఆ కోరికను పుస్తకముగా మార్చి చెప్పుటయే గ్రంథపాలకుని విద్య. పేరు, రచయిత, సంఖ్య వ్రాసి తెచ్చిన వానికి పుస్తకము తీసియిచ్చుటకు గ్రంథాలయ శాస్త్రమేల? తాళపుచెవి యున్న ఎవరైనను ఆ పని చేయవచ్చును.

అయినను తాళపుచెవియే గ్రంథపాలకుని ముఖ్యచిహ్నమగుటకు కారణము వెదకవలెను. లెక్కతనిఖీ జరిగినపుడు దాఖలా పుస్తకములోని ప్రతి సంఖ్యకును అరలో ఒక పుస్తకము కనబడవలెను. కనబడనిచో సంజాయిషీ చెప్పవలసినది గ్రంథపాలకుడు. ఒక్కొక్కప్పుడు సొమ్ము కట్టవలసినదియు ఆయనయే. పోయిన పుస్తకమునకు లెక్క యున్నది. ఇరువది సంవత్సరములు ఎవరును విప్పని పుస్తకమునకు లెక్క లేదు. మాట పడి తిరిగి రాని పిల్లవానికి అసలే లెక్క లేదు. ఇట్టి విధానములో జాగ్రత్తపరుడైన ఉద్యోగి ఏమి చేయును? బీరువాకు తాళము వేయును. అతనిని నిందించుట సులభము. కాని నష్టమును మాత్రమే గుర్తించి ఉపయోగమును గుర్తింపని పద్ధతిలో లోపమున్నది. దీనికి తోడు చాల శాఖలలో ఉద్యోగి ఒక్కడే. తలుపు తీయుట, పత్రికలు సర్దుట, పుస్తకములిచ్చుట, నివేదికలు పంపుట, అన్నియు ఆ ఒక్కని వంతే.

తాళము తీసినచో పుస్తకములన్నియు పోవునను భయము మనకు మాత్రమే కలిగినది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోని పౌర గ్రంథాలయములలో పాఠకులను అరల వద్దకు రానిచ్చువారు కారు. బల్లపై ఒక పెద్ద పలక యుండెడిది. దానిలో సంఖ్యను వెదకి, ప్రక్కనున్న రంగును బట్టి పుస్తకము లోపలనున్నదో, బయటికి పోయినదో తెలిసికొని, తరువాత సిబ్బందిని అడుగవలెను. 1894లో లండనులోని క్లర్కెన్‌వెల్ గ్రంథాలయమున జేమ్స్ డఫ్ బ్రౌన్ అనునతడు ఈ అడ్డును తొలగించి పాఠకులను అరల మధ్యకు రానిచ్చెను. దొంగతనములు పెరుగునని తోటి గ్రంథపాలకులే తీవ్రముగా ఆక్షేపించిరి. కాలక్రమమున ఆ పద్ధతియే అంతట వ్యాపించినది. ఇతర గ్రంథాలయములను చూచుటకై ఇంగ్లండులో తిరిగిన రంగనాథన్ కూడ దానినే మన దేశమున గట్టిగా సమర్థించెను. అరల మధ్య తిరుగునపుడు పాఠకుడు తాను అడుగదలచినదే గాక, అడుగవచ్చునని తానెరుగని దానిని కూడ కనుగొనును.

పుస్తకము ఇచ్చు తీరులో కూడ మనము ఆలోచింపవలసినది కలదు. పెద్ద రిజిస్టరులో పేరు, సంఖ్య, తేదీ వ్రాసి సంతకము పెట్టించుటకు రెండు మూడు నిమిషములు పట్టును. పదిమంది వరుసలో నిలిచినచో చివరివానికి అరగంట. 1895 ప్రాంతమున అమెరికాలో నీనా బ్రౌన్ అను మహిళ కల్పించిన పద్ధతిలో ప్రతి పుస్తకమునకు ఒక చీటి, ప్రతి పాఠకునకు ఒక చిన్న సంచి వంటి టిక్కెట్టు ఉండును. పుస్తకపు చీటిని పాఠకుని టిక్కెట్టులో దూర్చి, తిరిగి యీయవలసిన తేదీ వరుసలో నిలిపిన చాలును. వ్రాతపని దాదాపు లేదు. ఇప్పుడు పెద్ద గ్రంథాలయములలో కంప్యూటరు ఆ పనిని క్షణములో చేయుచున్నది. అట్లు మిగిలిన నిమిషములు పాఠకునితో మాటాడుటకు వినియోగపడవలెను. అట్లు కానిచో చీటియైనను, యంత్రమైనను ఒక్కటే.

ఇంతవరకు బల్లకు ఆవలనున్న వారిని గూర్చి చెప్పితిని. ఈవలనున్న వారి బాధ్యత తక్కువ కాదు. పరీక్షకు వచ్చు పుటలను చింపుకొనిపోవువారు, మరియొకరి పుస్తకమున సిరాతో గీతలు గీయువారు, దినపత్రికను నాలుగు ముక్కలు చేసి ఒక్కడే నాలుగింటిని ఒడిలో పెట్టుకొనువారు మనకు క్రొత్త కాదు. గడువు దాటిన పుస్తకము మన యింట ఊరక పడియున్నపుడు, దానికొరకు మరియొకడు తిరిగి తిరిగి పోవుచున్నాడని తలచువారు కొందరే. ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులు ఉదయమునుండి రాత్రివరకు పఠనమందిరములలో కూర్చుండుట ఈనాటి సాధారణ దృశ్యము. వారి శ్రమ గౌరవింపదగినది. అయినను పిల్లలకు ఒక బల్లయైనను మిగుల్చుట వారికిని, సంస్థకును ధర్మము.

ఈ విషయమున ఉపాధ్యాయులు చేయదగినది ఎంతో కలదు. నవంబరు 14 నుండి 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో వ్యాసరచన పోటీ పెట్టి బహుమతులు పంచుటతో తృప్తి పడక, ఒక్క తరగతినైనను వెంటబెట్టుకొని స్థానిక గ్రంథాలయమునకు పోవలెను. ముందుగా గ్రంథపాలకునితో మాటాడి అనుకూలమైన వేళను నిర్ణయించుకొన్నచో ఆయనయు సంతోషించును. ముఖపత్రమునందు రచయిత పేరు, ముద్రణ సంవత్సరము ఎట్లు చూడవలెనో, విషయసూచిక ఎందులకో అచ్చటనే చూపవచ్చును. పుస్తకపు వీపుపై అంకెలను చూచి భయపడు పిల్లలకు, డ్యూయీ వర్గీకరణలో 520 అనగా ఖగోళశాస్త్రమనియు, 894.827 అనగా తెలుగు సాహిత్యమనియు చెప్పినచో ఆ అంకెలు వారికి వీధి పేర్లవలె తోచును. అన్నిటికంటె ముఖ్యముగా, “నాకు ఇది తెలిసికొనవలెనని ఉన్నది, పుస్తకము పేరు తెలియదు” అని నిస్సంకోచముగా అడుగుట నేర్పవలెను.

ఇక మన పాఠశాలలోనే ప్రధానోపాధ్యాయుని గదిలో ఒక బీరువా ఉండును. దాని తాళపుచెవి ఎవరి యొద్దనున్నదో, చివర ఎన్నడు తెరచిరో ఒకసారి విచారింపుడు. తరగతికి ఇద్దరు విద్యార్థులను ఎన్నుకొని, వారానికొక దినము పుస్తకములు పంచుటయు, తిరిగి తీసికొనుటయు వారికే అప్పగింపవచ్చును. ఏడాది చివర రెండు మూడు పుస్తకములు పోవచ్చును. పదింటికి అట్టలు ఊడవచ్చును. ఆ ఊడిన అట్టలు పిల్లల చేతనే అంటింపవచ్చును. కాని బీరువాలో చెదలు తిన్న పుస్తకమునకు ఏ చికిత్సయు లేదు. తనిఖీకి వచ్చిన అధికారులు ఇకమీదట ఎన్ని పుస్తకములున్నవని అడుగుటతోపాటు, ఎన్ని నలిగినవని కూడ అడుగుదురు గాక.