కల్పనాకథలలో యంత్రనేత్రము

ఇంద్రియములలో కన్ను ప్రధానమని పెద్దలు చెప్పుదురు. ఈ యేడు మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ఇంగ్లీషు సినిమా చూచి వచ్చి, "మాస్టారూ, సైన్సు కథల్లో మనుషులకు యంత్రపు కళ్లు ఎందుకు పెడతారండీ?" అని మమ్ము అడిగెను. "చూచుటకే గదా" యని నవ్వి పంపివేసితిమి. ఆ సమాధానము చాలదని తరువాత తోచినది. ఆనాడు చెప్పలేకపోయిన దానిని ఈ సంచికలో చెప్పుచున్నాము.

ముందుగా మాట పుట్టుక. ప్రాణులయందును యంత్రములయందును సమాచారము ఎట్లు నడచును, దానివలన అదుపు ఎట్లు కలుగును అను శాస్త్రమునకు అమెరికను గణితజ్ఞుడు నార్బర్ట్ వీనర్ 1948లో సైబర్నెటిక్స్ అని పేరు పెట్టెను. ఓడ చుక్కాని పట్టువాడని అర్థమిచ్చు గ్రీకు పదము దానికి మూలము. 1960లో మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నేథన్ క్లైన్ అను ఇరువురు, యంత్రముతో జతపడిన జీవికి సైబోర్గ్ అను పేరు కల్పించిరి.

ఆ పేరుతోనే మార్టిన్ కైడిన్ 1972లో ఒక నవల ప్రకటించెను. అందలి కథానాయకుడు స్టీవ్ ఆస్టిన్ విమానము కూలి రెండు కాళ్లు, ఒక చేయి, ఒక కన్ను పోగొట్టుకొనును. ప్రభుత్వము వానికి యంత్రావయవములు అమర్చి, తన రహస్యకార్యములకు వినియోగించుకొనును. ఇందొక విశేషము కలదు. నవలలో ఆ కన్ను ఛాయాచిత్రములు తీయు కెమేరా మాత్రమే. దానితో వానికి చూపు రాదు. పెట్టించినవారికి ఉపయోగపడిన కన్ను పెట్టుకొన్నవానికి ఉపయోగపడలేదన్నమాట. 1974 మొదలు 1978 వరకు టెలివిజనులో ధారావాహికగా వచ్చినపుడు మాత్రము అదే కన్ను దూరపు వస్తువును దగ్గరగా చూపుచు, చీకటిలోను పనిచేసెను. లోపము తీర్చవలసినది అతిమానుషశక్తిగా మారినది.

1987 నుండి 1994 వరకు నడచిన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' అను ధారావాహికలో జోర్డి లా ఫోర్జ్ పుట్టుగ్రుడ్డి. అయినను ఆకాశనౌకకు మొదట చుక్కాని పట్టువాడు, తరువాత ప్రధాన ఇంజనీరు. కన్నులకు అడ్డముగా ధరించిన పట్టీవంటి పరికరము ద్వారా మన కంటికి కానరాని కిరణములను సైతము అతడు గ్రహించును. కాని దానివలన ఎడతెగని నొప్పి. ఒక కథలో దివ్యశక్తి వలన అతనికి సహజమైన చూపే లభించును. చూచి సంతోషించియు, దానికి చెల్లింపవలసిన మూల్యము మిక్కిలి పెద్దదని వలదనును. మన భారతములో వ్యాసుడు చూపు నిత్తునన్నపుడు ధృతరాష్ట్రుడును వలదనెను. అతడు బంధువధను చూడజాలక వలదనెను. జోర్డి మరియొకరి దయకు లోబడజాలక వలదనెను. 1994 నాటి చలనచిత్రములో శత్రువులు అతని పరికరమును మార్చి, అతడు చూచునదెల్ల తామును చూచి, నౌకను నాశనము చేయుదురు.

విలియం గిబ్సన్ 1984లో వ్రాసిన 'న్యూరోమాన్సర్' నవలలో మోలీ అను స్త్రీ తన కనుగూళ్లను అద్దములతో మూయించుకొనును. కన్నీటి నాళములు నోటిలోనికి మళ్లింపబడినవి. దుఃఖము వచ్చిన ఆమె ఉమ్మివేయవలసినదే. కన్ను చూచుటకే గాక ఏడ్చుటకును ఉన్నదని ఆ రచయిత మనకు గుర్తుచేసెను.

ఇక నిజముగా జరిగినది వినుడు. కంటి వెనుక నుండు రెటీనా క్రమముగా క్షీణించు వ్యాధిచే అంధులైనవారికై ఆర్గస్ 2 అను పరికరము వచ్చినది. దానికి ఐరోపాలో 2011లోను, అమెరికాలో 2013లోను అనుమతి లభించినది. కళ్లజోడులోని కెమేరా చూచిన దృశ్యము, రెటీనాపై అమర్చిన 60 ఎలెక్ట్రోడుల ద్వారా వెలుగుచుక్కలుగా మెదడును చేరును. ముఖములు తెలియకున్నను, ద్వారమెక్కడ, కిటికీ యెక్కడ అని కొందరు గుర్తింపగలిగిరి. సుమారు 350 మంది దానిని పెట్టించుకొనిరి. తయారుచేసిన కంపెనీ 2019లో దాని తయారీ మానినది. 2020లో ఉద్యోగులలో పెక్కుమందిని తొలగించినది. పరికరము చెడినచో బాగుచేయు దిక్కు లేక కొందరు మరల చీకటి పాలైరి. కథలలో కన్నును శత్రువు అపహరించెను. ఇక్కడ శత్రువెవరును లేరు, దుకాణము మూయబడినది.

కాబట్టి యంత్రనేత్రము కథలలో నుండుట వింత కొరకు మాత్రమే కాదు. ఈ కన్ను ఎవరిది? దీనితో ఎవరు చూచుచున్నారు? చెడినపుడు బాగుచేయు పూచీ ఎవరిది? ఈ ప్రశ్నలను పరికరము పుట్టకముందే మనచేత అడిగించుటయే ఆ కథల ప్రయోజనమని మా యభిప్రాయము.

విద్యార్థులారా! మీలో రేపు వైద్యులు, ఇంజనీర్లు కాగలవారు కలరు. అట్టివాని నొకనిని మీరే నిర్మింపవచ్చును. అమర్చిననాటితో మీ పని తీరినదని తలంపకుడు. ధరించినవాడు బ్రతికియున్నంత కాలము ఆ కన్ను వెలుగవలయును.