పాత ల్యాప్‌టాప్, ఆగిపోయిన అప్‌గ్రేడ్

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి సూరత్‌లో తెలిసినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "విండోస్ 11 ఎక్కడం లేదు సార్, కొత్తది కొనాల్సిందేనా?" తొందరపడకండి అంటాను.

లింబాయత్‌లో స్థిరపడిన ఒక తెలంగాణ నేత కుటుంబానికీ ఇదే ఇబ్బంది. మగ్గాల లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ముందుగా వాటిని వేరే డిస్కులోకి కాపీ చేయించాను. ఏ మరమ్మతుకైనా ఇదే తొలి మెట్టు.

అప్‌గ్రేడ్ సగంలో ఆగి పాత విండోస్ తిరిగి వస్తే, తెరమీది కోడ్ రాసుకోండి. అందులో 80070070 ఉంటే డిస్కులో చోటు చాలలేదని అర్థం. వాళ్లకు వచ్చింది అదే. అక్కర్లేని వీడియోలు, తాత్కాలిక ఫైళ్లు తీసేశాక పని పూర్తయింది. కోడ్ వేరైతే ప్రింటర్, పెన్‌డ్రైవ్ వంటివి విప్పి, డ్రైవర్లు అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

అసలు మొదలే కాకపోతే కారణం యంత్రంలోనే ఉండవచ్చు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. కొన్నిటిలో అది ఉన్నా బయోస్‌లో ఆపి ఉంటుంది. దాన్ని మార్చే ముందు బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. డిస్కు లాక్ అయి, ఆ కీ లేకపోతే ఫైళ్లు దక్కవు.

ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరానికి ముందుదైతే సాధారణంగా అర్హత ఉండదు. అలాంటివాళ్లు విండోస్ 10 అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరవచ్చు. అప్‌డేట్లు ఆగిపోయిన యంత్రంలో మాత్రం నెట్ బ్యాంకింగ్ వద్దు.