పరారీయా, గైర్హాజరా?

పదిహేనేళ్ల క్రితం మా విభాగంలో ఒక ఫిట్టరు పదకొండు రోజులపాటు విధులకు రాలేదు. సెలవు చీటీ లేదు, కబురు లేదు. నివేదిక వ్రాయవలసిన బాధ్యత మాది. అలవాటైన ఇంగ్లీషు మాటనే వాడి, అతడు ‘అబ్‌స్కాండ్’ అయ్యాడని వ్రాసి టైపుకు పంపాము. పదవీ విరమణకు దగ్గరపడిన మా ఆఫీసు సూపరింటెండెంటు గారు ఆ కాగితం తీసుకొని వచ్చి, ‘‘సార్, ఇతడు దాక్కున్నాడని మనకు రూఢిగా తెలుసునా?’’ అని అడిగారు. మా వద్ద సమాధానం లేకపోయింది.

ఆ రాత్రి నిఘంటువు తెరిచాము. ఈ క్రియకు మూలం లాటిన్ భాషలోని ‘అబ్‌స్కాండెరె’. ‘అబ్స్’ అనగా దూరంగా. ‘కాండెరె’ అనగా చేర్చి పెట్టుట, భద్రపరచుట. వస్తువును కంటబడకుండా దాచుట అని తొలి అర్థం. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులో ప్రవేశించిన ఈ మాటకు, చట్టానికి చిక్కకుండా రహస్యంగా పారిపోవుట అనే అర్థం స్థిరపడింది. అంటే ఇందులో వెళ్లిపోవడం ఒక్కటే చాలదు. దాగే ఉద్దేశమూ ఉండాలి.

చట్టం కూడా ఈ మాటను ఆచితూచి వాడుతుంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 82వ సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 84వ సెక్షన్ ఇందుకు సంబంధించినవి. వారెంటు జారీ అయిన వ్యక్తి పరారయ్యాడనో, దాగి ఉన్నాడనో నమ్మడానికి కారణం ఉన్నప్పుడే కోర్టు ప్రకటన వెలువరించగలదు. హాజరు కావడానికి కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. మేమో, పదకొండు రోజులకే తీర్పు వ్రాసివేశాము!

మన ‘పరారీ’కి మూలం అరబ్బీ ‘ఫిరార్’, పలాయనమని అర్థం. పారసీ, ఉర్దూల మీదుగా వచ్చి, ‘ఫ’కారం మన నోట ‘ప’కారమైంది. ‘గైర్హాజరు’ కూడా ఆ దారిన వచ్చినదే. ‘హాజిర్’ అనగా ఎదుట ఉన్న. ‘గైర్’ చేరితే ఎదుట లేని. మస్టరు చెప్పగలిగినదీ అంతవరకే.

మర్నాడు నివేదికలో ఆ మాట మార్చి, ఒక మనిషిని ఫిట్టరు ఊరికి పంపాము. అతడు తల్లిని ఆసుపత్రిలో చేర్చి, ఆమె మంచం ప్రక్కనే కూర్చొని ఉన్నాడట. అతడు వ్రాసిన సెలవు ఉత్తరం మరొక విభాగం టపాలో దొరికింది. ఆ పదకొండు రోజులూ సెలవుగా క్రమబద్ధమయ్యాయి. మేము మొదట వ్రాసిన మాట సర్వీసు రికార్డులోకి ఎక్కి ఉంటే, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అతని వెంట నడిచేది.

నాటి నుండి ఇటువంటి సందర్భం వచ్చినప్పుడెల్లా ముందుగా ఇంటికి మనిషిని పంపుతున్నాము. ఏ మాట వ్రాయాలన్నది ఆ తరువాతి సంగతి.