ఆటలో దాగిన దొంగ

ఆట అంటే వినోదమే కావచ్చు. కాని కంప్యూటరుకు మాత్రం అది కూడా ఒక ప్రోగ్రామే! నడిపించిన మరుక్షణం నుంచి మన ఫైళ్ళను చదవగలదు, చెరపగలదు, ఇంటర్‌నెట్ ద్వారా ఇతరులకు పంపగలదు. మరి దించుకున్న ప్రతి ఆటకూ భయపడాలా?

అక్కరలేదు. అన్ని ఆటలకూ ప్రమాదం ఒకే పాళ్ళలో ఉండదు. 2021లో అవాస్ట్ సంస్థ ‘క్రాకొనోష్’ అనే హానికర ప్రోగ్రామును బయటపెట్టింది. అది ఖరీదైన ఆటల దొంగ ప్రతులలో దాగి, 2 లక్షల 22 వేలకు పైగా కంప్యూటర్లలో చేరింది. మొదట యాంటీవైరస్‌ను తొలగించి, తర్వాత ఆ యంత్రాల శక్తితోనే తనను పంపినవారికి ‘మొనేరో’ అనే డిజిటల్ నాణేలు సంపాదించి పెట్టింది. కరెంటు ఖర్చు మాత్రం యజమానిది!

పేరున్న దుకాణంలో ప్రమాదం బొత్తిగా లేదా? ఉంది, కాని అరుదు. 2025 ఫిబ్రవరిలో ‘స్టీమ్’లో ‘పైరేట్‌ఫై’ అనే ఆట ఇలాంటిదేనని తేలింది. వెంటనే దాన్ని తొలగించి, ఆడినవారిని హెచ్చరించారు. దొంగ ప్రతి తీసుకున్నవారిని ఎవరు హెచ్చరిస్తారు?

యాంటీవైరస్ కేకవేసినంత మాత్రాన దొంగ ఉన్నట్లు కాదు. అది ఒక్కోసారి పోలికలనుబట్టి ఊహించి పొరపడుతుంది. మౌనంగా ఉన్నంత మాత్రాన లేనట్లూ కాదు. కాబట్టి ముందు ఇలా ప్రశ్నించుకోండి: ఈ ఆట ఎక్కడినుంచి వచ్చింది? దీనికి బాధ్యులెవరు? ఆటకు అక్కరలేని అనుమతులు అడుగుతున్నదా?

‘యాంటీవైరస్‌ను ఆపితేనే నడుస్తాను’ అనే ఆట, కాపలావాణ్ణి పంపేస్తేనే లోపలికి వస్తాననే అతిథి వంటిది. అటువంటి అతిథికి తలుపు తీస్తామా?